సాల్మన్ పేను: పంజరానికీ నదికీ మధ్య ఒక సంవాదం

ఉత్తర అట్లాంటిక్ తీరంలో సముద్రపు నీటిలో వల పంజరాలు కట్టి పెంచే సాల్మన్ చేపలకు పట్టే ప్రధాన పరాన్నజీవి లెపియోఫ్తైరస్ సాల్మోనిస్. దీనిని వాడుకలో సాల్మన్ పేను అనీ సముద్రపు పేను అనీ పిలుస్తున్నప్పటికీ ఇది కీటకం కాదు. రొయ్య, పీతల వలె పెంకు విడుస్తూ పెరిగే క్రస్టేషియన్లలో కోపిపోడులు అనే చిన్న జీవుల శాఖకు చెందినది. కొల్లేటి చుట్టుపట్ల చెరువులలో బొచ్చె, శీలావతి చేపలను పీడించే ఆర్గులస్ కూడా చేప పేనే గాని, దానిది వేరే శాఖ, దాని వాసం మంచినీరు. సాల్మన్ పేనుకు ఉప్పునీరే ఆధారం కాగా, చేప నదిలోకి ఎక్కిన తరువాత కొద్ది రోజుల నుంచి కొద్ది వారాలలోగా అది రాలిపోతుంది. పెరిగిన ఆడ పేను పొడవు దాదాపు ఒక సెంటీమీటరు, మగది అందులో సగం. ఆడదాని వెనుక సన్నని తాడుల వంటి రెండు గుడ్ల మాలలు వేలాడుతుంటాయి. చేప చర్మం మీది జిగురును, చర్మాన్ని, రక్తాన్ని తిని ఇది బతుకుతుంది. గాయపడిన చర్మం సముద్రపు ఉప్పును అడ్డుకోలేదు గనుక, పేలు మితిమీరితే చేప ఒంటిలో లవణ సమతౌల్యం చెడిపోతుంది, పుండ్లలో సూక్ష్మజీవులు చేరుతాయి, చిన్న చేప అయితే చచ్చిపోతుంది. డెన్మార్క్ జంతుశాస్త్రవేత్త హెన్రిక్ క్రోయర్ దీనిని 1837లోనే వర్ణించాడు.

నార్వేలో ఓవె, సివెర్ట్ గ్రోంత్వెట్ సోదరులు 1970లో హిత్రా ద్వీపం వద్ద వల పంజరాలలో సాల్మన్ పెంచి చూపించడంతో ఆధునిక సాగు ఆరంభమైంది. ఇప్పుడు ఏటా దాదాపు 15 లక్షల టన్నుల దిగుబడితో ఆ దేశం ఈ రంగంలో ప్రపంచానికి అగ్రస్థానంలో ఉంది. అక్కడ పేను చుట్టూ నడుస్తున్న తగవులోని రెండు పక్షాలనూ ఇద్దరు వక్తల నోట ఇక్కడ కూర్చడమైనది: పంజరాల సాగును సమర్థించేవాడు సాగువాది, నదులలో సహజంగా పుట్టి పెరిగే సాల్మన్ పక్షం వహించేవాడు నదివాది.

సాగువాది: పేను సాగుతో పుట్టినది కాదన్న మాటతోనే విచారణ మొదలు కావాలి. సముద్రం నుంచి అప్పుడే నదికి చేరిన సాల్మన్‌ను దాని ఒంటి మీది పేలను బట్టే జాలరులు గుర్తుపట్టేవారు, పేలున్న చేపనే తాజా చేపగా మెచ్చుకునేవారు. పంజరంలో వదిలే పిల్ల చేప ఒడ్డు మీద మంచినీటి తొట్టెలలో పెరిగి, ఒంటి మీద ఒక్క పేను కూడా లేకుండా సముద్రంలో దిగుతుంది. ఆ తరువాతే పరిసరాల నీటి నుంచి దానికి పేలు పడతాయి. బయటి నుంచి వచ్చిన తెగులుకు బలి అవుతున్న రైతునే ఆ తెగులుకు మూలకారకుడని నిందించడం ఏ న్యాయం?

నదివాది: మొదటి పేను సహజ చేప నుంచే వచ్చిందనడంలో వివాదం లేదు. ఆ పేను ఎన్ని తరాలు ఎక్కడ పెరిగిందన్నదే ఇక్కడ ప్రశ్న. సాగు లేని కాలంలో ఫియోర్డులో, అంటే హిమానీనదాలు కోసిన లోయలలోకి సముద్రం చొచ్చుకు రావడం వల్ల ఏర్పడిన పొడవాటి ఇరుకు పాయలో, శీతకాలమంతా పేనుకు అతిథేయి, అనగా ఆశ్రయమిచ్చే చేప, బహు అరుదుగా దొరికేది. పెద్ద సాల్మన్‌లు వేసవిలో నదులు ఎక్కి పేలను రాల్చుకునేవి, మిగిలినవి దూరసముద్రంలో ఉండేవి. నదిలో పుట్టి కొన్నేళ్లు అక్కడే పెరిగి ఉప్పునీటికి ఒళ్లు సిద్ధపరచుకున్న పిల్ల సాల్మన్‌ను స్మోల్ట్ అంటారు. అది వసంతంలో సముద్రానికి బయలుదేరే వేళకు ఫియోర్డు దాదాపు పేలు లేనిదై ఉండేది. పెద్దలకూ పిల్లలకూ మధ్య కాలం గీసిన ఆ ఎడమే పిల్లలకు రక్షణ. ఏడాది పొడవునా సుమారు 40 కోట్ల చేపలను తీరం వెంబడి నిలబెట్టి ఆ ఎడాన్ని పూడ్చివేసింది సాగే. నదులకు తిరిగివచ్చే సహజ సాల్మన్ సంఖ్య మాత్రం 1980లలో ఉన్నదానిలో సగం కంటే తక్కువకు పడిపోయింది.

ఈ వాదం బలాన్ని తూచడానికి పేను జీవితచక్రం తెలియాలి. గుడ్డు నుంచి వచ్చే డింభకం, అనగా లార్వా, మొదటి రెండు దశలలో ఏమీ తినకుండా, గుడ్డు నుంచి తెచ్చుకున్న సొనతోనే నీటిలో తేలుతుంది. మూడవ దశ అయిన కోపిపోడిడ్‌కు చేపను పట్టుకోగల శక్తి వస్తుంది గాని, ఉన్న సొన అయిపోయేలోగా చేప దొరకకపోతే అది చస్తుంది. ఈ గడువులో ప్రవాహాలు దానిని పదుల కిలోమీటర్ల దూరం మోసుకుపోగలవు. చేపను అందుకున్నాక అది నుదుటి నుంచి వచ్చే పోగుతో చర్మానికి బిగుసుకుని రెండు దశలు గడుపుతుంది. ఈ దశలు నాలుగని చాలాకాలం పుస్తకాలలో ఉండగా, రెండేనని 2013లో తేలింది. తరువాత పోగు తెంచుకుని ఒంటిపై తిరుగాడే రెండు దశలు, చివరగా ప్రౌఢదశ, మొత్తం ఎనిమిది. పది డిగ్రీల సెల్సియస్ నీటిలో గుడ్డు నుంచి ప్రౌఢదశకు మగదానికి దాదాపు 40 రోజులు, ఆడదానికి 50 రోజులకు పైగా పడుతుంది. నీరు వెచ్చనైన కొద్దీ గడువు తగ్గుతుంది. చెరువుకు గట్టు ఉంటుంది గనుక ఆర్గులస్ పీడ చాలావరకు ఆ చెరువు రైతుదే అవుతుంది. వల పంజరానికి గట్టు లేదు. ఒకరి పంజరంలో పొదిగిన పేను పక్కవారి పంజరానికీ, ఆ దారిన పోయే స్మోల్ట్‌కూ చేరుతుంది. తగవంతా ఈ గట్టు లేకపోవడంలోనే ఉంది.

సాగువాది: గట్టు లేదని తెలిసే చట్టం కట్టడి విధించింది. నార్వేలో సగటున చేపకు 0.5 ప్రౌఢ ఆడ పేనును మించరాదు; స్మోల్ట్‌లు వలసపోయే వసంతపు వారాలలో ఆ హద్దు 0.2 మాత్రమే, అంటే ఐదు చేపలకు ఒక్క పేను. నీరు మరీ చల్లగా ఉన్నప్పుడు తప్ప వారం వారం చేపలను తీసి పేలను లెక్కించి ప్రభుత్వానికి నివేదించాలి, ఆ లెక్కలు ఎవరైనా చూడవచ్చు. ఏ కోళ్లఫారం, ఏ పశువుల శాల తన పరాన్నజీవుల పద్దును వారం వారం లోకానికి విప్పి చూపుతోంది?

నదివాది: పద్దు తెరిచి చూపడం మెచ్చదగినదే, పద్దులో రాసిన కొలతే తప్పు. ఒక పంజరంలో రెండు లక్షల చేపల వరకు చట్టం అనుమతిస్తుంది. ఆరు పంజరాలున్న కేంద్రంలో 12 లక్షల చేపలు ఉన్నాయనుకుంటే, చేపకు 0.2 చొప్పున హద్దు దాటకుండానే 2 లక్షల 40 వేల ఆడ పేలు ఉండవచ్చు. ఒక్కొక్క మాలకు తక్కువలో తక్కువగా 150 గుడ్లు వేసుకున్నా, ఒక్క కాన్పుకు 7 కోట్ల 20 లక్షల గుడ్లు నీటిలోకి వస్తాయి. ఆడ పేను తన జీవితంలో ఇటువంటి కాన్పులు అనేకం కంటుంది. సముద్రానికి దిగే స్మోల్ట్ బరువు 15 నుంచి 20 గ్రాములు. అటువంటి పిల్లకు పది పేలు పడితే చాలు, బతకడం కష్టం. నాలుగైదు కిలోల పంజరపు చేపకు అర పేను లెక్కలోనిది కాదు, నిజమే. ఆ అర పేను సంతానం ఎవరి మీద పడుతున్నదన్నదే లెక్క. చేపకు ఇంతని హద్దు పెట్టి చేపల సంఖ్యను పెరగనిస్తే, చట్టాన్ని అక్షరాలా పాటిస్తూనే ఫియోర్డును పేలతో నింపవచ్చు.

సాగువాది: గుడ్లన్నీ పేలు కావు, పేలన్నీ స్మోల్ట్‌లకు చేరవు, చేరినవి నదికి ఎంత నష్టం తెస్తున్నాయో కొలిచి చూడాలి. ఐర్లండ్‌లో 2001 నుంచి 2009 వరకు ఎనిమిది చోట్ల, 28 విడతలుగా, మూడున్నర లక్షలకు పైగా స్మోల్ట్‌లను వదిలారు. అందులో ఒక భాగానికి ముందుగానే పేను పట్టకుండా మందు ఇచ్చారు, మిగిలిన వాటికి ఇవ్వలేదు. రెండు గుంపుల నుంచీ తిరిగివచ్చిన చేపలను పోల్చి, పేను వల్ల కలిగిన అదనపు మరణం ఒక శాతం మాత్రమేనని జాక్సన్ బృందం 2013లో ప్రకటించింది. సముద్రంలో చనిపోయే స్మోల్ట్‌లలో అత్యధికం పేనుతో నిమిత్తం లేకుండానే చనిపోతున్నాయని దీని అర్థం.

నదివాది: అదే ప్రయోగం, అవే అంకెలు తీసుకుని క్రకోషెక్ బృందం తిరిగి లెక్కించగా, పేను వల్ల నదికి తిరిగివచ్చే పెద్ద చేపలలో దాదాపు మూడో వంతు తగ్గిపోతున్నదని తేలింది.

ఒకే దత్తాంశం నుంచి ఒక శాతమూ, మూడో వంతూ ఎట్లా వస్తాయన్న సందేహం పాఠకులకు కలగడం సహజం, కాని ఇందులో మాయ లేదు. ఒక కల్పిత ఉదాహరణ చాలు. మందు ఇచ్చిన వంద స్మోల్ట్‌లలో మూడు తిరిగివచ్చాయని, ఇవ్వని వందలో రెండే వచ్చాయని అనుకుంటే, బయలుదేరిన వందతో పోల్చినప్పుడు పేను తీసినది ఒక్కటి, అనగా ఒక శాతం. తిరిగి రావలసిన మూడింటితో పోల్చినప్పుడు తీసినది మూడో వంతు. తేడా ప్రధానంగా ఛేదంలోనే ఉంది. అయితే ఏ ఛేదం ఎంచుకోవాలన్నది అభిరుచికి విడిచిపెట్టదగిన విషయం కాదు. నదిలో గుడ్లు పెట్టేది తిరిగివచ్చిన చేపే గాని బయలుదేరిన చేప కాదు గనుక, నది భవిష్యత్తును అడిగే ప్రశ్నకు రెండవ లెక్కే జవాబు చెప్పగలదు. ఈ అంశంలో సాగువాది వాదం నిలవదు.

సాగువాది: ఆ రెండవ లెక్కనే ప్రభుత్వం నియమంగా మార్చిందని మరువరాదు. 2017లో నార్వే తన తీరాన్ని 13 ఉత్పత్తి మండలాలుగా విభజించి, రహదారి కూడళ్లలోని దీపాల రంగులతో ఒక పద్ధతిని ప్రవేశపెట్టింది. పేను వల్ల చనిపోయే సహజ స్మోల్ట్‌లు పది శాతం లోపు ఉన్న మండలానికి ఆకుపచ్చ, సాగును ఆరు శాతం పెంచుకోవచ్చు. పది నుంచి ముప్పై వరకు పసుపు, పెంచడం కుదరదు. ముప్పై దాటితే ఎరుపు, ఆరు శాతం తగ్గించాలి. 2020లో పడమటి తీరంలోని రెండు మండలాలు ఎరుపులో పడి నిజంగానే సాగు తగ్గించుకున్నాయి. పేలను అదుపులో ఉంచిన రైతు కూడా మండలంలోని ఇతరుల పేలకు శిక్ష అనుభవించాడు. ఆ శిక్షకు ఆధారం చాలావరకు కంప్యూటర్ నమూనాలు వేసిన అంచనా.

నదివాది: మండలానికి ఉమ్మడి శిక్ష కష్టమే గాని, నీరు ఉమ్మడిదైనప్పుడు వేరే దారి ఏది? ఇక ముప్పై శాతం పిల్లలు చనిపోయే చోట సాగును ఆరు శాతమే తగ్గించడం మందు మోతాదుకు కూడా చాలదు.

ఇక్కడికి సంవాదం మందుల వైపు మళ్లుతుంది. ఈ భాగం ఆంధ్ర, తెలంగాణ రైతులకు కొత్త కాదు, ఎందుకంటే సాల్మన్ పేను మీద ప్రయోగించిన మందులలో చాలా భాగం ఇక్కడి చేలలో చల్లినవే. మొదట వచ్చిన ఆర్గానోఫాస్ఫేట్లలో నువాన్ పేరుతో ఇక్కడ అమ్ముడైన డైక్లోర్వాస్ ఒకటి. తరువాత సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ అనే పైరిథ్రాయిడ్లు. 2000 ప్రాంతంలో మేతలో కలిపి వారం రోజులు పెట్టే ఎమామెక్టిన్ బెంజోయేట్. మిరప, పత్తి చేలలో పురుగుకు కొట్టేది ఈ ఎమామెక్టినే. చేలలో జరిగినదే సముద్రంలోనూ జరిగింది. 1980ల చివర గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో శనగపచ్చ పురుగు పైరిథ్రాయిడ్లకు లొంగకుండా పోయినట్లే, ఫియోర్డులలో పేను వరుసగా ఒక్కొక్క మందుకూ నిరోధకత, అనగా తట్టుకునే శక్తి, సంపాదించింది. ఆర్గానోఫాస్ఫేట్ల విషయంలో నాడీ సంకేతాలను అదుపు చేసే ఒక ఎంజైములో ఒక్క అమైనో ఆమ్లం మారడమే అందుకు చాలింది. పేను చర్మపు పెంకులోని కైటిన్ తయారీని అడ్డుకునే మందులు రొయ్యలకూ పీతలకూ అదే హాని చేయగలవు గనుక, రొయ్యలు పట్టే జాలరులు వాటిని ఎదిరించారు.

సాగువాది: ఆ పాఠం నేర్చుకునే గత దశాబ్ది మధ్య నుంచి సాగు మందులను బాగా తగ్గించింది. ఇప్పుడు చేపలను గొట్టాల ద్వారా 28 నుంచి 34 డిగ్రీల వెచ్చని నీటిలో అర నిమిషం ఉంచి పేలను రాల్చడం, నీటి జల్లులతోను కుంచెలతోను తుడిచివేయడం, మంచినీటిలో ముంచడం వంటి పద్ధతులు వచ్చాయి. పేలను ఏరి తినే రాస్ చేపలనూ లంప్ చేపలనూ పంజరాలలో తోడుగా వదిలారు.

నదివాది: 28 డిగ్రీలు దాటిన నీటిలో సాల్మన్ బాధతో గిలగిల కొట్టుకుంటుందని 2019లో నార్వే సముద్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ప్రకటించారు. పేలు తినే చేపలను ఒక దశలో ఏటా ఐదు కోట్ల మేర పంజరాలలో వదలగా, వాటిలో పెద్ద భాగం అక్కడే చచ్చాయి. ఒక చేప ఆరోగ్యం కోసం మరొక చేపను వినియోగ వస్తువుగా మార్చడం పశుపోషణ అనిపించుకోదు. 2023లో నార్వే సముద్ర పంజరాలలో 6 కోట్ల 28 లక్షల సాల్మన్‌లు, అంటే 16.7 శాతం, కోతకు రాకముందే చనిపోయాయి. అన్నీ పేను వల్ల కాదు గాని, పేలు తీసే పనిలో తగిలిన గాయాలు ముఖ్య కారణాలలో ఉన్నాయి.

సాగువాది: ఆ గాయాలకు కారణం వెతికితే 0.2 నియమమే దొరుకుతుంది. పంజరపు చేపకు అర పేను హాని చేయదని మీరే ఒప్పుకున్నారు. దానికి హాని లేని పేనును తీయడానికి దానిని పంపులలోకి తోడి, వెచ్చని నీటిలో ముంచి, నెల తిరగకముందే మళ్లీ అదే పని చేయవలసి రావడం నదిలోని చేప కోసమే. ఒక చేపను కాపాడే చట్టం మరొక చేపను హింసిస్తున్నప్పుడు, ఆ హింస పాపం రైతు ఒక్కడి ఖాతాలో రాయడం సమంజసమా?

ఈ సంవాదంలో సాగువాది పలికిన మాటలలో అత్యంత బలమైనది ఇదే, నదుల పక్షం తరచుగా దాటవేసేదీ ఇదే. హద్దును బిగించిన కొద్దీ చికిత్సలు పెరుగుతాయి, చికిత్సలు పెరిగిన కొద్దీ పంజరంలో చావులు పెరుగుతాయి. హద్దు ఉండవలసినదే అయినా, చికిత్స ద్వారా మాత్రమే దానిని అందుకోవాలనుకుంటే ఆ ఖర్చును చేప తన చర్మంతో చెల్లిస్తుంది.

నదివాది: అందుకే పేను పట్టాక తీయడం మాని, పట్టకుండా అడ్డుకోవాలి. కోపిపోడిడ్‌లు ఎక్కువగా నీటి పై పొరలో తిరుగుతాయి. చేపలను లోతున ఉంచితే వాటికి అందవు.

సాగువాది: చెప్పినంత సులువు కాదది. సాల్మన్ తన ఈదు తిత్తిని, అంటే నీటిలో తేలికను సర్దుకునే గాలి సంచిని, పైకి వచ్చి గాలి మింగి నింపుకోవాలి. ఎప్పుడూ లోతునే బంధిస్తే బరువెక్కి వాలుగా ఈదుతూ నీరసిస్తుంది. లోతైన వలకు మధ్యలో నీరు చొరని గోడల గొట్టం అమర్చి, అందులో నుంచి మాత్రమే పైకి రానిచ్చే పంజరాలు ఈ చిక్కు తీర్చడానికి వచ్చాయి. పంజరం చుట్టూ పై కొన్ని మీటర్ల మేర మందపు గుడ్డను లంగా వలె కట్టడం, కెమెరా గుర్తించిన పేనును లేజర్‌తో కాల్చడం, నీటిని లోతు నుంచి తోడి మూసిన తొట్టెలలో పెంచడం కూడా వచ్చాయి. గుడ్డ కడితే ప్రాణవాయువు తగ్గుతుంది, మూసిన తొట్టెకు విద్యుత్తు ఖర్చవుతుంది. పేను మీద ఈ రంగం ఏటా వెచ్చించేది 500 కోట్ల నార్వే క్రోనర్లకు పైగానే ఉంటుందని ఇప్పటికే అంచనా.

నదివాది: ఆ ఖర్చులో చాలా భాగం తీయడానికే పోతోంది, అడ్డుకోవడానికి కాదు. గట్టు కట్టడం ఖరీదైన పని అని గట్టు లేకుండా చెరువు తవ్వేవారు ఎవరూ లేరు.

కెనడా ఉదాహరణను ఇరుపక్షాలూ తమకు అనుకూలంగా చెప్పుకుంటాయి గనుక అది క్లుప్తంగా చాలు. బ్రిటిష్ కొలంబియాలోని బ్రౌటన్ ద్వీపసమూహంలో 2001లో గులాబి సాల్మన్ పిల్లలపై పేలు విపరీతంగా కనిపించాయి. అవి అలాగే సాగితే నాలుగు తరాలలో ఆ చేపలు 99 శాతం అంతరిస్తాయని 2007లో సైన్స్ పత్రిక ప్రచురించిన పరిశోధన లెక్కగట్టింది. అంతరించలేదు గనుక జోస్యం తప్పిందని సాగువాది అంటే, వలస కాలానికి ముందు పంజరాలకు మందు పెట్టడం, కొన్నిటిని ఖాళీగా ఉంచడం వల్లనే అవి బతికాయని నదివాది అంటాడు. షరతుతో చెప్పిన మాటను, షరతు మారిన తరువాత అబద్ధమనడం సరికాదు. 2024 జూన్‌లో కెనడా ప్రభుత్వం బ్రిటిష్ కొలంబియా తీరంలో తెరిచిన వల పంజరాల సాగును 2029 జూన్ 30 నాటికి ముగించాలని ప్రకటించింది.

సాగువాది: నార్వే నదులను పీడించినవి ఇంకా ఉన్నాయి. జలవిద్యుత్ ఆనకట్టలు, ఆమ్ల వర్షాలు, 1970లలో స్వీడన్ నుంచి తెచ్చిన పిల్లలతో ప్రవేశించి యాభై దాకా నదులకు పాకిన గైరోడాక్టిలస్ అనే మరో పరాన్నజీవి, వేడెక్కుతున్న సముద్రం, ఇన్నిటి భారం ఒక్క పేను మీద మోపరాదు.

నదివాది: మోపడం లేదు. అన్ని భారాలతో కుంగిన నదికి అదనపు భారం తట్టుకునే ఓపిక తక్కువ. తిరిగివచ్చేవి పదిహేను శాతం ఉన్న కాలంలో మూడో వంతు పోయినా నది నిలిచేది, మూడు శాతమే ఉన్నప్పుడు అదే మూడో వంతు నదిని ఖాళీ చేస్తుంది.

2021లో నార్వే సహజ సాల్మన్‌ను ప్రమాదానికి చేరువైన జాతిగా తన ఎర్ర జాబితాలో చేర్చింది. 2024 జూన్‌లో 33 నదులలో సాల్మన్ వేటను నిలిపివేసింది. ఇరుపక్షాల వాదాలనూ తూచి చూస్తే పంజరాల సాగును రద్దు చేయాలనే నిర్ణయానికి రావలసిన పని లేదు, చేపకు ఇన్ని పేలన్న సగటు హద్దును మాత్రం విడిచిపెట్టవలసి ఉంది. ఒక్కొక్క ఫియోర్డులోకి వసంతంలో మొత్తం ఎన్ని పేల డింభకాలు వదలవచ్చో ముందుగా నిర్ణయించి, ఆ మొత్తాన్ని పంజరాల మధ్య పంచాలి. తన వాటాలో ఒదగలేనివాడు చేపలను తగ్గించాలి, లేదా గట్టు కట్టుకోవాలి.